వానలో 90 దగ్గర స్టీరింగ్ తేలికైపోతోంది: కొత్త టైర్లు ముందు వేయించాలా, వెనక వేయించాలా?

కృష్ణాతీరం:

అందరికీ నమస్కారం. బండి హ్యాచ్‌బ్యాక్, ఫ్రంట్ వీల్ డ్రైవ్, మాన్యువల్ గేరు. టైర్లు 185/65 ఆర్15, బండితో వచ్చినవే, 46,000 కి.మీ. తిరిగాయి. హైదరాబాద్–విజయవాడ హైవే మీద గట్టి వానలో 85–90 దగ్గర కొన్నిచోట్ల స్టీరింగ్ ఒక్క సెకను దూదిలా తేలికైపోతోంది. అదే క్షణంలో ఇంజిన్ గొంతు పెరిగి ఆర్‌పీఎం ముల్లు మూడు నాలుగు వందలు లేస్తోంది. తర్వాత దానంతటదే సర్దుకుంటోంది. పొడి రోడ్డు మీద 100లో వెళ్లినా ఏ తేడా లేదు.

ఇది హైడ్రోప్లేనింగేనా (టైరు నీటి పొర మీద తేలిపోవడం), స్టీరింగ్‌లో లోపమా? ప్రస్తుతానికి రెండు టైర్లకే బడ్జెట్ ఉంది. కొత్తవి ముందు వేస్తామని షాపులో అంటున్నారు, ఇంజిన్ బరువు ముందే కదా అని వాళ్ల వాదన. ఇంకో ఇద్దరు ఇచ్చిన సలహాలు: 205 వెడల్పు వేయించు, వానకాలం టైర్లలో గాలి 26 పీఎస్ఐకి తగ్గించు. డోరు పక్క స్టిక్కర్ మీద 33 అని ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

టైరు_లెక్క:

స్టీరింగ్ లోపం కాదండీ. ముందు టైర్లు నీటి మీద తేలుతున్నాయి. ఆర్‌పీఎం లేవడమే సాక్ష్యం. రోడ్డు పట్టు తప్పిన చక్రాన్ని తిప్పడానికి ఇంజిన్‌కి కష్టం ఉండదు, అందుకే గొంతు పెరుగుతుంది. చాలా కార్లలో స్పీడోమీటర్ ముల్లు కూడా కాస్త లేస్తుంది, కారు వేగం మాత్రం పెరగదు. చెవికి తెలిసే గుర్తు ఇంకొకటి ఉంది. నీళ్లు వీల్ ఆర్చ్ లోపలి గోడకు కొట్టుకునే హోరు ఉన్నట్టుండి మారిపోతుంది.

లెక్క చూడండి. 90 కి.మీ. అంటే సెకనుకు 25 మీటర్లు. టైరు వెడల్పు 185 మి.మీ., రోడ్డు మీద 3 మి.మీ. నీళ్లు. ఒక్కో ముందు టైరు సెకనుకు దాదాపు 14 లీటర్లు పక్కకు నెట్టాలి, అంటే సెకనుకో బిందె. దానికి దొరికే సమయం ఎంత? రోడ్డును తాకే ముక్క పొడవు సుమారు 15 సెం.మీ. అనుకుంటే ఆరు మిల్లీసెకన్లు. ఆ ముక్కలో మూడు భాగాలుంటాయి. ముందంచున నీళ్లు మేకులా టైరు కిందికి దూరుతుంటాయి, మధ్యలో పలచటి పొర మిగులుతుంది, చివరి భాగంలో మాత్రమే రబ్బరు రోడ్డును కరుస్తుంది. వేగం పెరిగేకొద్దీ మేకు వెనక్కి జరుగుతుంది. చివరి భాగాన్ని కూడా మింగేసిందంటే బండి పడవే.

గాడుల పని ఆ నీళ్లకు దారి ఇవ్వడం. టైరు ముఖంలో గాడుల వాటా సుమారు 30 శాతం అనుకుందాం. 8 మి.మీ. లోతున్న కొత్త టైరులో ఆ ఖాళీని ముఖమంతా పరిస్తే 2.4 మి.మీ. నీటికి చోటు. లోతు 3 మి.మీ.కి అరిగితే 0.9 మి.మీ. చట్టం ఒప్పుకునే 1.6 దగ్గర అర మి.మీ. కూడా లేదు. కాబట్టి 1.6ను చట్టం గీసిన గీతగా మాత్రమే చూడండి, వానలో భద్రతకు అది హామీ కాదు. వానలో హైవే ఎక్కే కారుకు 3 దగ్గరే మార్చుకోవడం నా లెక్క.

ఇక గాలి. 1963లో నాసాలో వాల్టర్ హార్న్, ఆయన సహచరుడు విమానం టైర్ల పరీక్షల నుంచి ఒక సూత్రం ఇచ్చారు. పీఎస్ఐలో ఉన్న గాలికి వర్గమూలం తీసి 16.65తో గుణిస్తే టైరు పూర్తిగా తేలే వేగం కి.మీ.లో వస్తుంది. 33కి 96. 26కి 85. 20కి 74. నీటి లోతు గాడుల లోతును మించినప్పటి లెక్క ఇది. కారు టైరుకు అచ్చంగా సరిపోదు, అరిగితే ఇంకా ముందే తేలుతుంది, పైగా పూర్తిగా తేలకముందే పట్టు చాలావరకు పోయుంటుంది. కానీ దిశ మాత్రం స్పష్టం: గాలి తగ్గిస్తే తేలే వేగం తగ్గుతుంది. 26 సలహా ఇచ్చినవారు బురదలో, ఇసుకలో నడిపే పద్ధతిని తెచ్చి తారురోడ్డుకు అంటించారు. మెత్తబడిన టైరు మధ్యలో లోపలికి వంగి, అంచుల మీద నిలబడి, మధ్యలో నీటిని పట్టి ఉంచుతుంది. అలాగని 40 కొట్టించకండి. అప్పుడు నడుమ ఉబ్బి ఆనే ముక్క చిన్నదవుతుంది, వాన మామూలుగా ఉన్నప్పుడే బ్రేకింగ్ పాడవుతుంది. స్టిక్కర్ మీది 33 చాలు.

205 వద్దు. గాలి, బరువు మారనప్పుడు రోడ్డును తాకే వైశాల్యం పెద్దగా మారదు. ఆకారం మాత్రం వెడల్పై, పొట్టిదవుతుంది. నెట్టాల్సిన నీళ్లు 11 శాతం ఎక్కువ, సమయం తక్కువ. పొడి రోడ్డు మీద మలుపుల్లో కొంచెం లాభమే, నిలిచిన నీళ్లలో నష్టం.

పాత_గ్యారేజీ:

అన్నా, ముందుగాల ఉన్న టైర్లు కొలువు, దుకాణం ముచ్చట తర్వాత. డెప్త్ గేజ్ చిన్నది, చౌకనే దొరుకుతది. లేకుంటే వెర్నియర్ తోక గాడిల దింపినా సరిపోతది. చుట్టూ పోయే పెద్ద గాడుల్లనే కొలవాలె. ఒక్కో టైరుకు బయట, నడుమ, లోపల మూడు చోట్ల. లోపలి అంచు నిలబడి చూస్తే కనబడది. స్టీరింగ్ ఫుల్ తిప్పి, కూసోని, లైట్ వేసి చూడు. పైకి మంచిగనే కొడ్తది, లోపలి మూడు వేళ్ల మందం గుండు అయి ఉంటది, గసొంటియి మస్తు వస్తయ్. గాడుల నడుమ అడ్డంగ చిన్న గట్లు ఉంటయ్, గవి రబ్బరుకు సమానం అయినయంటే 1.6కు వచ్చినట్టు.

రెండు అంచులు అరిగి నడుమ ఉంటే గాలి తక్కువ నడిపినవ్. నడుమ అరిగితే గాలి ఎక్కువ. ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్, లేకుంటే బుష్‌లు, బాల్ జాయింట్ చూపియ్.

పక్క గోడ మీద డీఓటీ అని రాసుంటది, చివర నాలుగు అంకెలు చూడు. 2319 అంటే 2019ల 23వ వారం తయారైంది. గాడి ఎంత లోతున్నా రబ్బరు ముసలిదైతే గట్టిపడ్తది, తడిల జారుతది. గోరుతోని గుచ్చి చూడు, గాజులెక్క అనిపిస్తే అది అయిపోయినట్టే.

ఇగ నీ అసలు ప్రశ్న. రెండే కొంటే కొత్తవి వెనకకే. దుకాణపోళ్లు ముందుకు ఎందుకు ఏస్తరంటే, ముందటియి తొందరగ అరుగుతయ్, అరిగినవి తీసి గక్కడనే కొత్తవి పెడితే వాళ్లకు పని సగం. ఇంజిన్ బరువు ముందు ఉన్నదనేది నిజమే, గని గా బరువే ముందు టైరును నీళ్లల్ల కిందికి నొక్కుతది. హ్యాచ్‌బ్యాక్ వెనక ఖాళీ డబ్బా. ముందు టైరు తేలిందనుకో, బండి తిన్నగ పోతది, స్టీరింగ్ తేలికై నీకు ఎరుకైతది, కాలు తీస్తే మళ్ల పట్టుకుంటది. వెనక తేలిందనుకో, స్టీరింగ్‌ల నీకేం తెల్వది. తెలిసేసరికి తోక ముందుకు వస్తుంటది. తిన్నని రోడ్డు మీద ముందు టైరు నీళ్లు చీల్చిన బాటలనే వెనకది నడుస్తది, గందుకే ఏమైతలేదు అనిపిస్తది. మలుపుల వెనక చక్రం గా బాటల నడవది, వేరే నీళ్లు తొక్కుతది. గక్కడనే తిరుగుతది బండి.

కొత్తవి ఎక్కించేటప్పుడు దగ్గర నిలబడు. బాణం గుర్తు ఉన్న టైరు ముందుకు తిరిగే దిక్కునే ఉండాలె. ఉల్టా పెడితే వీ ఆకారం గాడులు నీళ్లను బయటకు తోసుడు మాని నడుమకు గుంజుతయ్. బాణం లేకుండ అవుట్‌సైడ్ అని రాసుంటే గా మొకం బయటికి కనబడాలె. బ్లేడుతోని గాడులు లోతు చేసిస్తం అనేటోళ్లు ఉంటరు, కారు టైరుకు అస్సలు చేయించకు. రీగ్రూవబుల్ అని రాసి ఉన్న లారీ టైర్లకు అడుగున గందుకే రబ్బరు మందం పెడ్తరు. కారు టైరుకు గది ఉండది, కోస్తే తీగలకు తగుల్తది.

గాలి పొద్దుగాల, బండి కదలకముందే కొలువు. ఎండకాలం 45 డిగ్రీల్ల కొట్టిన 33, వానపడి 25 డిగ్రీలు అయ్యేసరికి 30కి దిగుతది, ఏ పంక్చర్ లేకున్నా. డాష్‌బోర్డ్ మీద గాలి లైటు 20–25 శాతం పడిపోతేగాని వెలగది. గది నమ్ముకోని కూసోకు.

కృష్ణాతీరం:

ఇద్దరికీ ధన్యవాదాలు. గేజ్ తెచ్చి కొలిచి చెప్తాను. ఇంకో సందేహం. తేలిన ఆ ఒక్క సెకనులో ఏం చేయాలి? క్లచ్ తొక్కాలని కొందరు, వద్దని కొందరు అంటున్నారు. ఏబీఎస్ ఉంది కాబట్టి బ్రేకు గట్టిగా తొక్కేయొచ్చా?

గోదారి_గట్టు:

బ్రేకు జోలికి వెళ్లొద్దండి. ఏబీఎస్ చేసే పనల్లా చక్రం బిగుసుకుపోతుంటే వదిలి పట్టడం. రోడ్డుకీ టైరుకీ మధ్య నీళ్లున్నప్పుడు పట్టడానికేముంది? నీటి మీద చక్రాన్ని ఆపేస్తే మళ్లీ నేల తగిలినప్పుడు ఆగి ఉన్న చక్రం తగులుతుంది, అదీ ఒక పక్క ముందు, ఇంకో పక్క తర్వాత. ఈఎస్‌సీ (బండి జారకుండా సర్దే వ్యవస్థ) కూడా ఒక్కో చక్రానికి బ్రేకు వేయడం ద్వారానే బండిని తిప్పుతుంది, పట్టులేని చక్రానికి బ్రేకు వేసి లాభమేంటి? డాష్‌బోర్డు మీద జారుతున్న కారు బొమ్మ మిణుకుమంటే అది మిమ్మల్ని కాపాడేసిందని కాదు, వేగం దించమని చెబుతోందని.

చేతులు మాత్రం కదలకూడదు. ఇదే కష్టం. స్టీరింగ్ పనిచేయట్లేదని తెలియగానే మనిషి ఇంకొంచెం తిప్పుతాడు, అప్పటికీ తిరక్కపోతే ఇంకొంచెం. తేలుతున్నంతసేపూ ఏమీ కాదు. నీళ్లు దాటి టైరు నేలను కరిచిన క్షణాన చక్రాలు ఎటు చూస్తుంటే బండి అటు దూకుతుంది, డివైడర్ మీదికో పక్క లేన్‌లోకో. బండి ఎటు వెళ్లాలో స్టీరింగ్‌ని అటే పట్టుకుని ఉండండి. మలుపులో ఉంటే ఉన్న వంపునే ఉంచండి, పెంచొద్దు.

కాలు యాక్సిలరేటర్ మీంచి మెల్లగా, ఒక సెకను పట్టేలా తీయండి. దభాలున తీస్తే ఇంజిన్ బ్రేకింగ్ చక్రాన్ని బండి వేగం కంటే కిందికి దించేస్తుంది, అది బ్రేకు తొక్కినట్టే లెక్క. క్లచ్ తొక్కితే ఆ బాధ తప్పుతుంది, నిజమే. కానీ తొక్కాక ఇంజిన్ ఐడిల్‌కి పడిపోతుంది. బండి ఇంకా 80లో ఉండగా క్లచ్ వదిలారో, చక్రాలకి ఒక్క కుదుపు తగులుతుంది. తొక్కితే స్టీరింగ్ బరువు చేతికి తెలిసేదాకా వదలొద్దు, వదిలేటప్పుడు కొంచెం రేజ్ ఇచ్చి వదలండి. ఆటోమేటిక్ అయితే న్యూట్రల్లోకి లాగొద్దు, కాలు తీస్తే చాలు.

వెనక భాగం జారితే వేరే సంగతి. తోక ఎటు పోతోందో స్టీరింగ్ అటే, కొంచెం. చూపు మాత్రం మీరు వెళ్లాల్సిన చోట. తోక సర్దుకోవడం మొదలవగానే స్టీరింగ్ వెనక్కి తిన్నగా తెచ్చేయాలి. తేవడం ఆలస్యమైతే తోక రెండో పక్కకి విసురుతుంది, రెండో విసురు మొదటిదానికంటే పెద్దది. వెనక చక్రాలతో నడిచే బండికి, అంటే బొలెరో, ఇన్నోవా క్రిస్టాలాంటి వాటికి, కాలు దభాలున తీయడమే తోక విసరడానికి చాలు. అందులో గేరు దించడం మరీ ప్రమాదం.

వానలో క్రూజ్ కంట్రోల్ ఆపేయండి, మీ కాలికంటే అది ఆలస్యంగా తెలుసుకుంటుంది. నడుస్తున్న బండికి నాలుగు ఇండికేటర్లూ వేసుకుని వెళ్లే అలవాటు మనవాళ్లకి ఎక్కడినుంచి వచ్చిందో! లేన్ మారుతున్నారో లేదో వెనకవాడికి తెలియదు. హెడ్‌లైట్లు లో బీమ్‌లో వేస్తే సరిపోతుంది.

తేలకపోయినా తడి తడే. 80లో పొడి తారు మీద ఘర్షణ గుణకం 0.7 అనుకుంటే బ్రేకు తొక్కాక 36 మీటర్లలో ఆగుతుంది. తడిలో 0.4కి పడితే 63. కాలు బ్రేకు మీదికి వెళ్లే సెకనులో పోయే 22 మీటర్లు వీటికి కలపాలి.

టైరు_లెక్క:

పై సమాధానంలో క్లచ్ విషయంలో చిన్న భేదాభిప్రాయం. కృష్ణాతీరం గారు చెప్పినది ఒక్క సెకను తేలడం. కంగారులో రెండు కాళ్లూ కదిపేవాడు ఎడమ కాలితో క్లచ్, కుడికాలితో అలవాటుగా బ్రేకు కలిపి తొక్కేస్తాడు, ఆపేటప్పుడు రోజూ చేసేది అదే కదా. కాబట్టి ఫ్రంట్ వీల్ డ్రైవ్‌లో క్లచ్ ఊసెత్తకుండా కాలు మెల్లగా తీయడమే నేర్చుకోవడం మేలు. మిగతా అంతటితో ఏకీభవిస్తాను.

ఇంకొకటి, టైరు కొనేటప్పుడు యూరప్ లేబుల్ మీద తడి పట్టుకు ‘A’ గ్రేడు ఉందని మురిసిపోకండి. ఆ పరీక్ష సుమారు ఒక మి.మీ. నీళ్ల మీద 80 నుంచి 20కి బ్రేకు వేసి చూసేది. అది రబ్బరు మిశ్రమం గురించి బాగా చెబుతుంది, నిలిచిన నీళ్లలో తేలడం గురించి ఏమీ చెప్పదు. దానికి చుట్టూ పోయే వెడల్పాటి గాడులు మూడో నాలుగో ఉన్నాయా, అంచుల్లో అడ్డంగా నీళ్లు బయటపడే దారులున్నాయా అని కళ్లతో చూసుకోవాలి.

రోడ్డు_వాలు:

టైర్ల సంగతి అయింది, రోడ్డు సంగతి కూడా చెప్పుకుందాం. ‘కొన్నిచోట్ల’ అన్నారు కదా, ఆ చోట్లు ఊరికే రావు.

తిన్నటి హైవేకి అడ్డంగా సుమారు 2.5 శాతం వాలు ఇస్తారు, రెండు లేన్ల 7 మీటర్లకు 17 సెం.మీ. పైచిలుకు. నీళ్లు ఎడమ అంచుకు జారిపోతాయి. మలుపు వచ్చేసరికి వాలు మార్చాలి. కుడివైపు తిరిగే మలుపులో రోడ్డు కుడికి, అంటే మీడియన్ (మధ్య డివైడర్) వైపుకు వంగాలి. ఎడమ వాలు నుంచి కుడి వాలుకు మారే మధ్యలో ఏదో ఒకచోట అడ్డవాలు సున్నా అవుతుంది. అదే చోట రోడ్డు నిడివిగా కూడా చదునుగా ఉంటే నీళ్లకు ఎటు పోవాలో తెలియదు, పలుచగా పరుచుకుని నిలుస్తాయి. మలుపు మొదలవబోతుండగా స్టీరింగ్ తేలికైతే కారణం దాదాపు ఇదే. మలుపులోకి వెళ్లాక నీళ్లన్నీ మీడియన్ పక్కకు చేరతాయి. అక్కడి కాలువ రంధ్రాలు మట్టితో పూడితే మడుగు కట్టేది సరిగ్గా వేగంగా పోయే లేన్‌లో. కాబట్టి కుడి మలుపుల్లో వానపడుతుంటే మీడియన్‌కు ఆనుకుని పోవద్దు.

ఎడమ లేన్‌లో ఇంకో తంటా. లారీల బరువుకు చక్రాల దారి కుంగి రెండు పొడవాటి గాడులు పడతాయి. పొడి రోజున కంటికి ఆనవు, వానలో అవే కాలువలు. రెండు వైపుల చక్రాలూ అందులో ఉంటే తేలుతుంది, ఒక వైపువే ఉంటే బండి అటు గుంజుతుంది. లేన్ మార్చే వీలుంటే మారండి, లేకపోతే వేగం 60–65కి దించండి.

నీళ్ల లోతు కొలవడానికి ముందు వెళ్లే బండి చక్రాల గుర్తులు చూడండి. బండి వెళ్లాక రెండు మూడు సెకన్లు రోడ్డు మీద గీతలు నల్లగా కనిపిస్తుంటే పొర పలచన, ఆ గీతల మీదే దూరం పాటించి వెళ్లొచ్చు. చక్రం వెనకే నీళ్లు మూసుకుపోతుంటే లోతు ఎక్కువ. చినుకులు పడ్డచోట గుండ్రటి వలయాలు కనిపిస్తున్నా అంతే. రోడ్డు గరుకుగా ఉంటే చినుకు చిట్లిపోతుంది, వలయం ఏర్పడదు.

తొలకరి జల్లుది వేరే రకం జారుడు. నెలల తరబడి పడ్డ నూనె, దుమ్ము, టైరు పొడి మొదటి పది పదిహేను నిమిషాల వానకు ముద్దై పలచటి జిగురు పొర అవుతుంది. దానికి లోతు అక్కర్లేదు, 90 వేగమూ అక్కర్లేదు, 40లోనే జారుతుంది. జోరువాన కాసేపు పడ్డాక అది కొట్టుకుపోతుంది. నాట్ల రోజుల్లో పొలంలోంచి రోడ్డెక్కే ట్రాక్టర్ చక్రాలు రాల్చే నల్లరేగడి కూడా అలాంటిదే. తడి రేగడి గాడుల్లో నిండిందంటే కొత్త టైరు కూడా గుండు టైరే.

నీళ్లు నిలిచిన చోటుని, నీళ్లు పారే చోటునీ ఒక గాటన కట్టొద్దు. కాజ్‌వే మీద వాగు పొర్లుతుంటే అది హైడ్రోప్లేనింగ్ సమస్య కాదు, వేగం తగ్గించినా ఉపయోగం లేదు. అడుగు లోతు ప్రవాహం చిన్న కారును తోసేయగలదు. అక్కడ ఆగిపోవడమే.

ఖాళీ_ట్రిప్పు:

లారీలవాళ్లెవరైనా చదువుతుంటే: 100 పీఎస్ఐ గాలికి పై సూత్రం 166 కి.మీ. చెబుతుంది కదా మనకేంటి అనుకోవద్దు. అది లోడు ఉన్నప్పటి మాట. ఖాళీ బండికి వెనక టైరు రోడ్డును తాకే ముక్క పొడవు బాగా తగ్గి వెడల్పు అలాగే ఉంటుంది, ఆ ఆకారానికి హైవే వేగాల్లోనే తేలుతుంది. ట్రైలర్ ఖాళీగా ఉండగా తడిలో ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజిన్ పొగ దారిని మూసి వేగం తగ్గించేది) వేస్తే ట్రాక్టర్ (ట్రైలర్‌ను లాగే ముందు బండి) వెనక చక్రాలే ముందు జారి బండి మడత పడుతుంది. బైకులకు టైరు సన్నం, గుండ్రం కాబట్టి తేలడం అరుదు. వాళ్లకు గండం జీబ్రా గీతల పెయింటూ, ఫ్లైఓవర్ల మీది ఇనుప జాయింట్లూ. వాటి మీద బండిని వంచకుండా, బ్రేకు వేయకుండా నిటారుగా దాటాలి.

కృష్ణాతీరం:

కొలిచాను. ముందు టైర్లు రెండూ: బయట 3.1, నడుమ 2.6, లోపల 1.9. వెనకవి అన్నిచోట్లా 4.3 అటూఇటూగా. డీఓటీ 1119. పొద్దున్నే చూస్తే గాలి 28 ఉంది, 33కి కొట్టించాను. పక్క గోడల మీద పగుళ్లు కనిపించలేదు. 205 ఆలోచన మానుకున్నాను.

పాత_గ్యారేజీ:

28 గాలి, లోపల 1.9. ఇగ తేలకేం జేస్తది? కొత్తవి రెండు అదే సైజు తీస్కో, లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోస్తదో చెప్పే అంకె) పాతదానికంటే తక్కువ ఉండొద్దు. కొత్తవి వెనకకు, వెనక ఉన్న 4.3వి ముందుకు, ముందటి రెండు పక్కకు పెట్టెయ్. మంచిగున్నయని గవిట్ల ఒకటి స్టెప్నీకి ఉంచుకోకు. 2019వి కాబట్టి ముందుకు తెచ్చినవి కూడ ఎక్కువ రోజులు నడపకు, 3కి రాంగనే తీసెయ్, అప్పుడు మళ్ల కొత్తవి వెనకకే. రెండు ముందు టైర్లు లోపలే అరిగినయంటే టో (పైనుంచి చూస్తే ముందు చక్రాలు ఎటు తిరిగి ఉన్నయో ఆ కోణం) బయటికి ఉన్నట్టుంది. ముందుగాల టై రాడ్ ఎండ్‌లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు ఊపి చూడమను, లూజ్ ఉంటే మార్చినంకనే అలైన్‌మెంట్ పెట్టాలె. లేకుంటే ఇయ్యాల పెట్టింది రేపటికి తప్పుతది. ముందు ఎంత ఉండె, తర్వాత ఎంత అయింది, కాగితం అడిగి తీస్కో. కొత్త రబ్బరు మీద అచ్చు నుంచి వచ్చిన జారుడు పూత ఉంటది, మొదటి 300 కిలోమీటర్లు తడిల మెల్లగ పో. వీల్ నట్లు 50–100 కిలోమీటర్లు నడిపినంక ఒకసారి మళ్ల బిగిపియ్.